సీసాలాయన ముంచిన రేవు

సీసాలాయన చచ్చిపోయాడట.

మొన్న ఉప్పుకాలువ గట్టు మీద ఎవరో కొత్త మనిషి నిలబడి ఉంటే, ఆయన చంకలోని పెట్టెను చూసి నేనే ఆగాను. మనిషి కొత్త, పెట్టె పాతది. అదే తోలుపట్టీ, మూత మీద అదే కాలిన మచ్చ. ఈ పెట్టె ఆయన ఏడి అని అడిగాను. పోయినేడు మద్రాసులో పోయాడమ్మా, కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు, గుండె ఆగింది అన్నాడు. మంచి చావు. బట్టలు తడవకుండా, ఎవరి చేతా ఎత్తించుకోకుండా, కుర్చీలో. నాకు ఏడుపు రాలేదు, నవ్వూ రాలేదు. ఆయన పేరేమిటని అడగబోయి మానుకున్నాను. అన్నేళ్ళు మా పల్లెకు వచ్చిపోయి మాలో ఒక్కరి పేరైనా అడగని మనిషి. ఆయన పేరు నాకెందుకు?

నాకు సంతకం పెట్టేంత వరకే వచ్చు. నోటితో చెబుతున్నదే కాబట్టి వెనకది ముందు, ముందుది వెనక వస్తే రానీ.

ఆయన్ని తలుచుకుంటే ముందు గుర్తొచ్చేది ముఖం కాదు, చెయ్యి. కాలువలో సీసా ముంచి, మూతి మీద బొటనవేలు పెట్టి తుడిచి, ఎండకు ఎత్తి పట్టుకుని, ఒక కన్ను మూసి చూసేవాడు. పెళ్ళిచూపుల్లో కూడా ఏ మగవాడూ ఆడపిల్లను అంత ఇష్టంగా చూసి ఉండడు. చూసి, "బాగుంది" అనేవాడు. ఆ మాట నీళ్ళకే. మా వంటను, మా పడవను, మా పిల్లలను చూసి ఆయన నోట ఆ మాట రాగా నేను వినలేదు. ఎంత మురికి నీళ్ళైతే అంత మెల్లగా, అంత ముద్దుగా అనేవాడు.

మైపాడుకు దక్షిణంగా, సముద్రానికీ ఉప్పుకాలువకూ నడుమ మా పల్లె. ఆ రోజుల్లో ఏడాది తప్పితే ఏడాది వాంతిభేది వచ్చేది. వచ్చిందని నెల్లూరుకు కబురు పోతే, మద్రాసు నుంచి ఈయన దిగేవాడు. మైపాడు దాకా బస్సు, అక్కడి నుంచి మా పడవ. మందులు తెచ్చేవాడు కాదు. సూదులు వేసేవాళ్ళు వేరే, కాలువలో, బావుల్లో మందు చల్లేవాళ్ళు వేరే. ఈయన తీసుకుపోవడానికే వచ్చేవాడు. కాలువ నీళ్ళు ఒక సీసాలో, జబ్బుపడ్డవాళ్ళ కింద పెట్టిన కుండలోది ఇంకో సీసాలో. అందుకే ఆయన ఇంట్లోకి వస్తే మంచం మీదికి చూసేవాడు కాదు, మంచం కిందికి చూసేవాడు. అడిగేది ఒకటే ప్రశ్న, ఎప్పుడు మొదలైంది అని. ఎట్లా ఉన్నాడని అడగడు. సీసా నిండితే లేచేవాడు.

పడవ ఎక్కితే పలక మీద చేతిరుమాలు పరిచి కూర్చునేవాడు. దిగగానే ఎర్రసబ్బుతో మోచేతుల దాకా కడుక్కునేవాడు. మా పల్లెలో మంచినీళ్ళు తాగడు, ఫ్లాస్కులో కాఫీ తెచ్చుకుంటాడు. ఎంత మండుటెండైనా తన నెత్తిన గొడుగు పట్టుకోగా చూడలేదు, గొడుగు ఎప్పుడూ పెట్టె మీదే. అప్పుడప్పుడూ పెట్టె మీది గోనెపట్టా తడిపేవాడు. చంటిబిడ్డకు తడిగుడ్డ వేసినట్టు ఉండేది. ఒకసారి రేవు గట్టున నా కూతురు, అప్పటికింకా పాకే పిల్ల, వెళ్ళి సీసా మూత పట్టుకుంది. ఆయన పిల్ల చేతిని విదిలించి కొట్టాడు. తర్వాత కడిగాడు. పిల్ల చేతిని కాదు, మూతను.

మా ఆయనకు మాత్రం ఆ మనిషంటే మహా సరదా. పడవ నడిపేది మా ఆయనే కాబట్టి మాటలన్నీ అక్కడే జరిగేవి. ఇంటికి వచ్చి సీసాలాయన వేషం కట్టేవాడు. ముంతలో గంజి పోసుకుని, దీపానికి ఎత్తి, ఒక కన్ను మూసి, "బాగుంది" అనేవాడు. నేను నవ్వి నవ్వి పొయ్యి ఆర్పేసేదాన్ని. మా ఆయన అంత నవ్వించే మనిషి ఆ పల్లెలో ఇంకొకడు లేడు. చదువు లేదు గానీ దేన్నైనా తెలుసుకోవాలని తహతహ. తెలిసిన సగాన్ని పట్టుకుని మిగతా సగం తనే కట్టేసేవాడు.

ఒకనాడు పడవలోనే అడిగాడట, మా నీళ్ళు మోసుకుపోయి ఏం చేసుకుంటావు సార్ అని. సీసాలాయన ఆ రోజు మంచి ఊపులో ఉన్నాడో ఏమో, చెప్పాడు. ఈ వాంతిభేదికి కంటికి కనబడని పురుగు ఒకటి ఉంది. దాన్ని తినే పురుగు ఇంకొకటి ఉంది, అది దానికన్నా చిన్నది. ఆ తినేదానికి వేరే తిండి అక్కర్లేదు, రోగం పురుగే దానికి కూడు. అందుకే రోగం ఎక్కడ ఎక్కువగా ఉంటే అదీ అక్కడే ఎక్కువగా ఉంటుంది. దానికోసమే నేను తిరుగుతున్నాను అన్నాడు.

"అంతా తినేస్తదా సార్?"

"సీసాలో అయితే తినేస్తుంది. సాయంత్రం మబ్బుగా ఉన్న నీళ్ళు తెల్లారేసరికి తేటపడతాయి."

మా ఆయన ఇంటికి ఈ మాట మోసుకొచ్చేసరికి సీసా పోయింది, తేట మిగిలింది. తినేది ఉంది, తింటుంది, నీళ్ళు తేటపడతాయి. ఇంక భయం ఏమిటి? పల్లెంతా తిరిగి చెప్పాడు. చెప్పేవాడు మద్రాసు ఆయన పడవ నడిపేవాడు, వినేవాళ్ళకు ఇంకేం కావాలి?

మా పని ఒకటి చెబితేగాని ఇది అర్థం కాదు. ఆడవాళ్ళం కాలువలో ఆల్చిప్పలు ఏరుకొచ్చి ఉడికిస్తాము. ఉడికితే అవి నోళ్ళు తెరుస్తాయి. లోపలి కండ ఊడదీసి గంపలో పోసి మళ్ళీ కాలువలో జాడిస్తేనే ఇసక పోతుంది. మంచినీళ్ళతో కడిగే వైభోగం మాకు లేదు, చెలమలో ఊరే నీళ్ళు తాగడానికే చాలవు. ఉప్పునీళ్ళలో జాడిస్తే కండ గట్టిగానూ ఉంటుంది. జాడించి, అక్కడే నాలుగు నోట్లో వేసుకుని, మిగతావి తెల్లారి చద్దన్నంలోకి. పుట్టినప్పటి నుంచి అదే తిండి.

జాడించేది పై రేవులో. అక్కడ పోటు నీళ్ళు వచ్చిపోతూ ఉంటాయి. దిగువన, ఉప్పునీళ్ళలోనే పెరిగే మడచెట్ల కింద ఇంకో రేవు ఉంది, అక్కడ నీళ్ళు కదలవు. జబ్బుపడ్డవాళ్ళ గుడ్డలు అక్కడ ఉతికేవాళ్ళం. సీసాలాయన ఎప్పుడు వచ్చినా ముంచేది ఆ మడరేవులోనే.

మా ఆయన లెక్క కట్టాడు. అంత దూరం నుంచి వచ్చే మనిషి పై రేవు వదిలి మడరేవులో ఎందుకు ముంచుతాడు? తినేది అక్కడ దండిగా ఉంది గనక. అయితే చిప్పలు జాడించాల్సిందీ అక్కడే. ఆడవాళ్ళు మొదట ముక్కు మూసుకున్నారు. మా అత్త కొడుకు మాటకు ఎదురు చెప్పదు, గంప ఎత్తుకుని ముందు తనే దిగింది. పది రోజులు తిరగకముందే అందరి గంపలూ మడరేవులోనే. పొట్టలు గట్టిపడతాయని ఒకామె పిల్లలకు ఆ నీళ్ళు దోసిలితో తాపింది కూడా.

ఆ నెలలోనే సీసాలాయన మళ్ళీ వచ్చాడు. మేమంతా మోకాటిలోతున నిలబడి గంపలు ఆడిస్తున్నాము. మా తలల పైనే, మడకొమ్మల మీద, మొన్న చనిపోయిన ముసలామె గుడ్డలు ఆరుతున్నాయి. మా ఆయన పడవను గట్టుకు ఆనించి, ఏదో బహుమానం చూపించేవాడిలా చెయ్యి చాపాడు.

"చూసినావా సార్? నువ్వు ముంచే కాడికే మార్చినాం. తినేది ఈడే గదా ఉండేది." నా గంపలోంచి ఒక కండ తీసి నోట్లో వేసుకుని నమిలాడు.

సీసాలాయన మమ్మల్ని చూశాడు. గంపల్ని చూశాడు. కొమ్మల మీది గుడ్డల్ని చూశాడు. మా ఆయన దవడ ఆడడం చూశాడు. ఏదో అనడానికి నోరు తెరిచాడు, నేను ఆయనకు ఎదురుగానే ఉన్నాను, తెరవడం చూశాను. మళ్ళీ మూశాడు. వంగి మా గంపల మధ్య సీసా ముంచాడు. ఎండకు ఎత్తాడు. ఒక కన్ను మూశాడు.

"బాగుంది," అన్నాడు. "చాలా బాగుంది."

మా ఆయనకు మరునాడు తెల్లవారుజామున మొదలైంది. ఎండ గడప దాటేసరికి కళ్ళు గుంటలు పడ్డాయి, వేళ్ళు చాకిరేవులో నానినట్టు ముడతలు పడ్డాయి, పిక్కలు తాళ్ళు పేనినట్టు మెలిపడుతున్నాయి. ఆ రోజు మా పల్లెలో ఇంకో ఇద్దరు పడ్డారు. సీసాలాయన రాత్రి మైపాడులోనే ఆగి ఉన్నాడు, కబురు అంది మా మరిది తెచ్చిన పడవలో వచ్చాడు. మా ఇంట్లోకి రావడం అదే మొదలు.

మంచం కిందికి చూశాడు. ఎప్పుడు మొదలైంది అన్నాడు. మా ఆయన ఆయన్ని గుర్తుపట్టి నవ్వబోయాడు. గొంతు లేదు, గాలి మాత్రం వచ్చింది. "తేటగా ఉండాయా సార్?" అన్నాడు. కుండలో బియ్యం కడిగిన నీళ్ళలా ఉంది. సీసాలాయన నింపి, గుమ్మంలో వెలుగుకు ఎత్తి, ఒక కన్ను మూశాడు. ఈసారి పైకి అనలేదు. పెదాలు మాత్రం కదిలాయి.

నేను పెట్టె పట్టుకున్నాను. "తినేది దీంట్లో ఉందన్నావు గదా సామీ. ఒక్క గుక్క పొయ్యి. నీ కాళ్ళకు మొక్కుతా."

"ఇది మందు కాదమ్మా. వచ్చింది పాత రోగమా, కొత్త రోగమా గుర్తుపట్టడానికి."

"గుర్తుపట్టి ఏం చేస్తావు?"

"రాసుకుంటాం." నా వేళ్ళు ఒక్కొక్కటే పెట్టె మీది నుంచి విడిపించాడు. మోటుగా కాదు, జాగ్రత్తగానే. పెట్టె కదులుతుందని. "నెల్లూరు తీసుకుపొండి. నరానికి ఉప్పునీళ్ళు ఎక్కిస్తారు, బతకవచ్చు."

బతకవచ్చు అన్న ఆ మాట ఒక్కటే ఆయన మాకు ఇచ్చింది. మగవాళ్ళంతా సముద్రం మీద ఉన్నారు. మా మరిది గడ పట్టాడు. పడవ ఒకటే, బస్సు ఒకటే, అందుకని సీసాలాయనా మేమూ కలిసే బయలుదేరాము. మా ఆయన అడుగున చాప మీద, తల నా ఒళ్ళో. సీసాలాయన ఎదుటి పలక మీద, చేతిరుమాలు పరుచుకుని. పెట్టె ఆయన ఒళ్ళో. గొడుగు పెట్టె మీద.

ఉప్పుకాలువ మీద నీడ ఉండదు. మా ఆయన కళ్ళు మూతపడడం లేదు, ఎండ తిన్నగా వాటిలోనే పడుతోంది. నా కొంగు కప్పితే ఊపిరాడక తల తిప్పుతున్నాడు. నాకు ఆ గొడుగు తప్ప ఇంకేమీ కనబడలేదు.

"గొడుగు ఇట్ట తిప్పు సామీ. ముఖం మీదికి."

ఆయన ఆలోచించాడు. ఆలోచించలేదని అనను. గొడుగు వైపు చూశాడు, మా ఆయన వైపు చూశాడు.

"పెట్టెలోవి ఎండకు చచ్చిపోతాయమ్మా," అన్నాడు.

మా మరిది గడ ఆపి వెనక్కి తిరిగాడు. తొయ్యమన్నాను. గడ ఆగితే మైపాడు రాదు. మైపాడు రేవు కొబ్బరిచెట్లు కనబడుతున్నాయి అనగా మా ఆయన పిక్కల మెలికలు వాటంతట అవే విడిపోయాయి. కాసేపు నయమైందనుకున్నాను. సీసాలాయన పడవ దిగి, ఎర్రసబ్బు తీసి, మోచేతుల దాకా కడుక్కుని, బస్సుకు వెళ్ళాడు. ఆయన పెట్టెలోవి బతికే చేరాయి.

మైలలో ఉండగానే ఆయన మళ్ళీ వచ్చాడు. నేను గుడిసె ముందు కూర్చుని ఉన్నాను. తనే నా దగ్గరికి వచ్చాడు, అంతకుముందు ఎన్నడూ రాలేదు. ముఖం వెలిగిపోతోంది.

"మీ ఆయన సీసాలో చాలా బలమైనది దొరికిందమ్మా. పళ్ళెంలో పెంచిన రోగాన్నంతా తిని తేట చేసేసింది. ఇంతకుముందు అలాంటిది మాకు దొరకలేదు."

ఓదారుస్తున్నాననే అనుకున్నాడు. నాకు ఇప్పటికీ అదే అనిపిస్తుంది.

"బతికుండాదా అది?" అన్నాను.

"ఉంది. మేపుతుంటే ఉంటుంది."

"ఏం మేపుతారు?"

"ఆ రోగాన్నే."

అప్పటికీ ఆడవాళ్ళు మడరేవులోనే జాడిస్తున్నారు. ముగ్గురు పోయినా మార్చలేదు. తినేది ఉంది గనక ముగ్గురితో ఆగింది, లేకపోతే పల్లె మొత్తం పోయేది అంటున్నారు. చచ్చినవాడి మాటకు బలం ఎక్కువ. మా అత్త, కొడుకు చూపిన రేవని రోజూ అక్కడికే పోతోంది. తెచ్చిన చిప్పలు నా కూతురికి పెడుతోంది. నేను వద్దని అరిస్తే, మొగుణ్ణి పొట్టన పెట్టుకున్నదానివి, నీ మాట ఎవరు వింటారు అంది. నిజమే. నా మాట ఎవరు వింటారు? ఈయన మాట వింటారు.

"ఒక్క మాట చెప్పిపో సామీ. ఆ రేవులో జాడించబాకండి అని, అంతే. నా బిడ్డ ఆ కూడే తింటా ఉండాది."

"చెప్పేవాళ్ళు వేరే వస్తారు. నాకు తెచ్చే పని ఇచ్చారు గానీ చెప్పే పని ఇవ్వలేదు."

"ఆ పొద్దు చూసినావు. నోరు కూడా తెరిచినావు. ఎందుకు చెప్పలేదు నువ్వు?"

అంతవరకూ ఆయన్ని నువ్వు అంటే వెనక సామీ ఉండేది. ఆ రోజు లేదు. ఆయనకు అది పట్టలేదు. మడచెట్ల వైపు చూశాడు. అబద్ధం ఆడే మనిషి కాదు.

"ఆ రోజు నీళ్ళు చాలా బాగున్నాయమ్మా," అన్నాడు.

నన్ను గాజులు తీసే దినానికి కాలువకు నడిపించారు. మాలో అది పై రేవులో చేస్తారు, పోటు నీళ్ళు అన్నిటినీ ఈడ్చుకుపోతాయని. విధవ గాజులు పడ్డ చోట కూడూ నీళ్ళూ ముట్టరు. పెళ్ళికూతుర్ని ఆ దారిన తీసుకుపోరు. పుట్టిన పిల్లకు తలస్నానం చేయించరు. పై రేవులో అయితే పోటు వచ్చి తుడిచేస్తుంది. కదలని నీళ్ళలో అయితే ఆ మైల అక్కడే ఉంటుంది.

పై రేవు దగ్గర నేను ఆగలేదు. పసుపు ముఖంతో, తలనిండా పూలతో, దిగువకు నడిచి మడరేవులో దిగి కూర్చున్నాను. గంపలతో వచ్చినవాళ్ళు కొందరు అప్పటికే అక్కడ ఉన్నారు.

"ఇదేం చోటే? లెయ్," అంది మా అత్త.

"నా మొగుడు తిన్న చోటు. ఈడే పగలగొట్టండి."

చెయ్యి పట్టి లాగారు. ఒకామె జుట్టు పట్టింది. నేనే ఒక రాయి అందుకుని ఎడమచేతివి పగలగొట్టుకున్నాను. పచ్చగాజులు. మణికట్టు తెగి నెత్తురూ పడింది. పడ్డాక ఇంక చేసేదేముంది, రెండో చేతివి మా అత్తే పగలగొట్టింది, అవసరమైన దానికన్నా గట్టిగా. గంపలవాళ్ళు ఒక్కొక్కరే నీళ్ళలోంచి లేచి గట్టెక్కారు. జాడించినవన్నీ అక్కడే పారబోశారు. ఒకామె ఉమ్మేసింది.

"నా కొడుకును తినింది చాలక రేవును కూడా తినిందిరా," అని మా అత్త నెత్తి బాదుకుంది.

మరుసటి రోజు నుంచి గంపలన్నీ పై రేవుకు మారాయి. రోగం సంగతి వాళ్ళకెవరూ చెప్పలేదు, చెప్పినా ఎక్కేది కాదు. నా గాజులు ఎక్కాయి. ఇప్పటికీ కొందరు నేను ఎదురైతే పక్కకు తిరిగి పోతారు. పోనీ. నా కూతురు బతికి ఉంది.

తర్వాత వచ్చినప్పుడు సీసాలాయన ప్యాంటు మడిచి మడరేవులో దిగి, చటుక్కున కాలు ఎత్తాడు. పాదంలోంచి పచ్చపెంకు తీశాడు. గట్టు మీద నిలబడి ఉన్న నన్ను చూసి, ఎవరివి ఇవి అన్నాడు. అన్నేళ్ళలో ఆయన ఎవరిది అని అడగడం అదొక్కసారే.

"నావి."

పెంకును ఎండకు ఎత్తి, ఒక కన్ను మూసి చూశాడు. బాగుంది అనలేదు. సీసాకు గీత పడకుండా దాన్ని దూరంగా పెట్టి, ముంచుకుని పోయాడు. ఆ తర్వాత ఇంకోసారి వచ్చాడు, అప్పటికి పల్లెలో జబ్బు లేదు, మడరేవులో ఉతికే గుడ్డలూ లేవు. గట్టు మీద చాలాసేపు నిలబడి, తన వస్తువు ఎవరో ఎత్తుకుపోయినట్టు కాలువను చూశాడు.

"ఇక్కడ ఇప్పుడేమీ దొరకడం లేదు. నీళ్ళు చెడిపోయాయి," అన్నాడు.

"నేనే చెడగొట్టినా," అన్నాను.

వినిపించుకున్నాడో లేదో. పెట్టె మీద గొడుగు విప్పుకుని పోయాడు. మళ్ళీ మా రేవుకు రాలేదు.

మొన్న ఈ కొత్తాయన కూడా చెప్పులు విప్పబోయాడు. విప్పబాకయ్యా, గాజుపెంకులు ఉండాయి అన్నాను. పాతాయన ముంచేది ఈ మడరేవులోనే కదా అని అడిగాడు. అవునన్నాను. ఆయన చెప్పిపోయారమ్మా, ఆ రేవులో ఇంక ఏమీ లేదు, వెళ్ళి ప్రయోజనం లేదని, అయినా ఒకసారి చూద్దామని వచ్చాను అన్నాడు.

చెప్పే పని తనది కాదన్న మనిషి, పోయేలోపు ఒక్కసారి ఆ పని చేశాడన్నమాట.

"ఏమని చెప్పినాడు?" అన్నాను.

"ఆ రేవులో ఏమీ లేదని."

నాకు వినబడింది. అయినా చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ఇంకోసారి చెప్పించుకున్నాను.